గెలవకముందే వండిన ఇలిష్

మావా,

కుండలో అన్నం ఉంది, పక్కన ఇలిష్ చేప పులుసు ఉంది. షుగర్ మాత్ర వేసుకుని తిను. మన జట్టు గెలిచాకే ఇలిష్ వండాలని, ముందే వండితే ఓడిపోతుందని తిడతావు. తిట్టు. ఇంట్లో కూర్చుని తిట్టు.

ఫుట్‌బాల్ ఆటలు దగ్గర్లో మైదాన్‌లో ఉన్నప్పుడు వాట్‌గంజ్ నుంచి మన వీధి వీధంతా నడిచి వెళ్లేవారు. ఇప్పుడు ఆట ఎక్కడో సాల్ట్‌లేక్‌లో, అదీ రాత్రిపూట. టికెట్ కొంటే వారం కూరలకి ఉండదు. ఆట విడిచాక బస్సు ఉండదు. అందుకే అందరూ మానేశారు. "మన ఈది నుంచి ఒక్కడైనా ఎల్లకపోతే ఎలాగే?" అంటూ నువ్వొక్కడివే మిగిలావు. కిందటిసారి బస్సు దొరక్క ఇంటిదాకా నడిచొచ్చావు. కాలు పుండు పడి రెండు వేళ్లు తీసేశారు. మళ్లీ పుండు పడితే పాదమే తీసేస్తామన్నాడు డాక్టరు.

దిండు కింద నువ్వు దాచిన ఇవాళ్టి ఆట టికెట్ చూశాను. చింపడానికి చేతులు రాలేదు, అక్కడే ఉంచాను. నీ చెప్పులు మాత్రం న్యూ టౌన్‌కి నాతో పనిలోకి పట్టుకెళ్తున్నాను.

మహాలక్ష్మి

వట్టి కాళ్లతో ఎల్లిపోకు మావా.