మగ్గం గుంటలో ఫిజిక్స్

అన్నకు వసంత నమస్కరించి రాస్తున్నది. ఫోను చేస్తే మా ప్రతీక్ష వింటుందని ఈ కార్డు. క్లాసులు లేకుండా పన్నెండో తరగతి ఫిజిక్స్ సొంతంగా చదువుతూ, చల్లగా ఉందని వాళ్ల నాన్న మగ్గం గుంటలో కూర్చుంటున్నది. చిన్నప్పుడు ఎక్కం తప్పితే ఆయన తొక్కుడు చెక్క టక్కున తొక్కేవాడు. ఇప్పుడు ఆయన లేకపోయినా, పిల్ల తప్పు చెబితే ఆ చెక్క కదులుతున్నది. నేనూ చూశాను.

"బాపు దిద్దుతుండమ్మా, బుగులు వడకు" అని నాకే ధైర్యం చెబుతుంది.

మొన్న అన్నీ సరిగ్గా చెప్పింది. చెక్క కదల్లేదు. బాగా ఏడ్చింది. అప్పటినుంచి వచ్చినవి కూడా తప్పే చెబుతున్నది. పరీక్ష దగ్గరికొచ్చింది.

వదిన మోకాళ్లు ఎట్లున్నాయి? మగ్గం విప్పించమంటావా? నాకైతే చేతులు రావడం లేదు. మార్కండేయ స్వామి మీ ఇల్లు చల్లగా చూడాలి.