బేస్ లైనూ, లైన్‌మేనూ

రాజోలు

డీజే సౌండ్స్ నాగేంద్రబాబు గారికి లీలావతి వందనాలు.

ఫోన్ చేస్తే మీ సౌండ్ టెస్టింగులో నా గొంతు కలిసిపోతోంది, అందుకే ఈ ఉత్తరం. వచ్చే నెల మావారు సత్యానందం గారి డెబ్బయ్యో పుట్టినరోజు. ఒకప్పుడు మా ఆర్కెస్ట్రాలో ఆయన డ్రమ్స్, నేను బేస్ గిటార్. ఇప్పుడు ఆయన చెవులు మందగించాయి. నేల అదిరే బేస్ అయినా అందుతుందేమోనని నా ఆశ. మీరు వేసే ఈడీఎం మిషన్ పాటలకి తండ్రి డిస్కో, తాత ఫంక్. ఇద్దరూ రావాల్సిందే.

ఇట్లు,
లీలావతి

తా.క.: బేస్ లైన్ లేకపోతే మీరూ రావద్దు.

* * *

అమలాపురం

లీలావతమ్మ గారికి నమస్కారమండీ.

ఆయ్, ఉత్తరం అందిందండీ. ఫంక్ అని సగమే రాసేరు, ఫంక్షనని మేమే అర్థం చేసుకున్నాం. డిస్కం పర్మిషన్‌కి కరెంటాఫీసులో అర్జీ పెట్టేసేం. తండ్రిగారికీ తాతగారికీ ముందు వరసలో కుర్చీలేయిస్తాం.

తమ విధేయుడు,
నాగేంద్రబాబు

తా.క.: డెబ్బయ్యేళ్ళాయనకి తాతగారున్నారా అండీ! ఆ కుర్చీలో దిండు కూడా వేయిస్తాం.

* * *

రాజోలు

నాగేంద్రబాబుకి,

డిస్కం కాదు బాబూ, డిస్కో! అందులో డ్రమ్ము ధబ్ ధబ్ ధబ్ ధబ్ అని ఆగకుండా నడుస్తుంది. మనుషులు వాయించిన ఆ తాళాన్నే తర్వాత మిషన్లకి నేర్పారు, మీ ఈడీఎం అలా పుట్టింది. ఫంక్‌లో బేస్ గిటార్ తీగ లాగితే మోకాళ్ళు వాటంతటవే అదురుతాయి. తండ్రీ తాతా అన్నది పాటలకి. నాకు మనుషులొద్దు, ఆ తీగ మీద నడిచే బేస్ లైన్ కావాలి.

పట్టు వదలని,
లీలావతి

తా.క.: దిండు ఉంచండి. మావారికి నడుంనొప్పి.

* * *

అమలాపురం

అమ్మగారికి నమస్కారం.

ఆయ్, ఇప్పుడు పూర్తిగా అర్థమైందండీ. బేస్ లైన్ కోసం లైన్‌మేన్ గంగబాబుని ఒప్పించేం. హాలుకి విడిగా లైన్ లాగుతానన్నాడు.

నాగేంద్రబాబు

తా.క.: తీగ లాగితే మోకాళ్ళు అదురుతాయని ముందే చెప్పి మంచి పని చేసేరు. రబ్బరు బూట్లు వేసుకొస్తాడు.

* * *

రాజోలు

నాగేంద్రబాబుకి ఆశీస్సులు.

పుట్టినరోజుకి నువ్వు రాకుండా దిండి ఊళ్ళో పెళ్ళికి వెళ్ళి మీ మనిషిని పంపావు కనక, జరిగింది చెబుతున్నాను. అతని దగ్గర డిస్కో పాట ఒక్కటీ లేదు. ఇంక చూస్తూ కూర్చోలేక, అటక మీది నా బేస్ గిటార్ దింపించి మీ పెద్ద స్పీకర్‌కి కలిపించాను. వేళ్ళు బొబ్బలెక్కినా ఆపలేదు. మీవాడు నా వాయింపు కింద ధబ్ ధబ్ కలిపాడు. హాలంతా లేచి ఆడింది. మావారు మాత్రం కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చున్నారు. నా ప్రాణం ఉసూరుమంది.

అంతా అయ్యాక దగ్గరికి పిలిచి, "రెండో పాటలో తాళం తప్పేవు లీలా" అన్నారు.

అక్కడే ఏడ్చేశాను బాబూ, సంతోషంతో.

లీలావతి

తా.క.: నిజానికి తాళం తప్పింది మీవాడు. ఆ మాట పొద్దుటినుంచీ ఆయన చెవిలో అరుస్తున్నాను. వినపడటం లేదంటున్నారు.