ఉత్తరపు దిబ్బ మీద సున్నా గూళ్లు

పక్షుల రక్షిత ప్రాంత అధికారి గారి సముఖమునకు, ఉత్తరపు గట్టు వాచరు తల దించుకుని సమర్పించుకొను అర్జీ.

విషయం: వసంతకాలపు గణనలో నేను రాసిన తప్పుడు లెక్కను రద్దుచేసి, గురువారం ఇసుక దిబ్బ మీదికి రానున్న పొక్లెయిన్‌ను ఆపించుట గురించి.

అయ్యా,

1. సముద్రపు ఒడ్డున ఉన్న ఈ చిత్తడి నేలలో పంతొమ్మిదేళ్లుగా పిట్టల లెక్క రాయుచున్నాను. ఈ అర్జీ మాత్రం నేను చెప్పగా నా భార్య రాయుచున్నది. కారణం మూడవ అంశములో మనవి చేసుకుందును.

2. నిబంధన ప్రకారం ఇద్దరు వాచర్లు తాడు చెరొక కొసా పట్టుకుని, దిబ్బంతా అడుగడుగూ చూస్తూ నడవవలెను. చిన్న తెల్లపిట్టలు ఇసుకలో గుంట చేసి ఇసుక రంగు గుడ్లు పెట్టును గనుక దూరమునుండి కానరావు. నేను తోటి వాచరును "నువ్వెళ్లి టీ తాగిరా, నేను చూసుకుంటాలే" అని పంపివేసి, గట్టు మీదే నిలబడి, గూళ్లు సున్నా అని రాసితిని. ఆ సున్నాను నమ్మి తమరు దిబ్బ మీదుగా సందర్శకుల బాటకు అనుమతి ఇచ్చితిరి; ఆ బాట తవ్వుటకే గురువారం పొక్లెయిన్ రానున్నది.

3. నా రెండు కళ్లలోనూ పొర కమ్మినది. ఆపరేషనుకు సెలవడిగితే సంగతి బయటపడి ఉద్యోగం ఊడునని దాచితిని. కిందటి నెల మూడు రోజులు వరుసగా "గూడబాతు ఒకటి, నిద్రలో" అని నేను నమోదు చేసినది, నీటిలో కొట్టుకువచ్చిన ప్లాస్టిక్ డ్రమ్ము. ఇది రాస్తూ నా భార్య నవ్వినది. నాకు నవ్వు రాలేదు.

4. సోమవారం బాట హద్దుకు జెండాలు పాతుటకు దిబ్బ ఎక్కితిని. నాలుగడుగులు వేసేసరికి కాలి కింద చిటుక్కుమంది. గుల్ల అనుకున్నాను. మరిచిపోయిన నీళ్ల సీసా ఇవ్వడానికి వెనకాలే వచ్చిన నా భార్య కేక వేసింది. "అయ్యో, కదలకండి! ఎడమ కాలి పక్కన ఇంకో రెండున్నాయి!" పిట్టలన్నీ నా నెత్తిన తిరుగుతూ అరుస్తున్నాయి. ఆమె నా చెయ్యి పట్టుకుని "ఇక్కడ పెట్టండి, అక్కడ కాదు" అంటూ నన్ను ఒడ్డుకు చేర్చి, తానే పోయి లెక్కపెట్టింది. ముప్పై ఏడు గూళ్లు. నా చెప్పు కింద పోయినది కాక. పిట్టల జోలికి పోవద్దని ఇన్నేళ్లూ జనం మీద నోరు పారేసుకున్నవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోతున్నానయ్యా.

5. కావున పిల్లలు ఎగిరేదాకా దిబ్బ జోలికి ఎవరూ పోకుండా ఉత్తర్వు ఇప్పించగలరు. లెక్క మళ్లీ కళ్లున్నవారి చేత రాయించగలరు. నాపై ఏ చర్యకైనా అర్హుడను.

ముందు దిబ్బ సంగతి, ఆ తరువాత నా సంగతి చిత్తగించవలెను.

తమ విధేయుడనని చెప్పుకొనుటకు మొహం చెల్లని,
ఉత్తరపు గట్టు వాచరు

తా.క.: అయ్యా, ఇది ఆయన చెప్పింది కాదు, నేనే రాస్తున్నాను. చూపు తగ్గిందని నాకు నిరుడే తెలుసు. చొక్కా తిరగేసి తొడుక్కుంటే సరిచేసి పంపాను గానీ, పరువు పోతుందని నోరు తెరిచి అడగలేదు. తప్పులో సగం నాది. తమ జవాబు రాకపోతే గురువారం పొద్దున్నే పోయి దిబ్బకు అడ్డంగా కూర్చుంటానంటున్నారు. ఎంత చెప్పినా వినడం లేదు. నేనూ పక్కనే కూర్చుంటాను. బండి ఎటు నుంచి వస్తుందో ఆయనకు కనబడదండీ.