పక్క సీట్లో నాన్న

కొండమీది బస,
బుధవారం మధ్యాహ్నం

అక్కా,

నీకూ బావకూ నమస్కారాలు, పిల్లలిద్దరికీ ముద్దులు. ఇక్కడ అందరం క్షేమమే. ఉత్తరమంటే అలా మొదలుపెట్టాలి కాబట్టి పెట్టాను గానీ, పొద్దుటి నుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్ చేయొచ్చుగా అంటావు. చేస్తే సగం వినకుండానే నాన్నకు ఫోన్ చేసి ఇల్లెగిరిపోయేలా అరుస్తావు. నీ సంగతి నాకు తెలియదూ? అందుకే కొరియర్లో పంపుతున్నాను. కూర్చుని చదువు.

పొద్దున్నే కొండ కింది స్టేషనుకు చేరాం. రైలెక్కితే కారు కిందే ఉండిపోతుంది కదా, ఎవరో ఒకరు దాన్ని రోడ్డు మీదుగా పైకి తీసుకురావాలి. మీ మరిది పాపం నేను తెస్తానన్నారు. నాన్న చూసిన చూపుకి నోరు మూసుకున్నారు. ముప్ఫై ఏళ్లుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్న మనిషి ఉండగా ఇంకొకరు స్టీరింగ్ ముట్టుకోవడమా! అమ్మ, నాకు రైల్లో కళ్ళు తిరుగుతాయి, ఆయనతోనే వస్తానంది. సరే అని మేమిద్దరం రైలెక్కాం.

రైలు ఎంత నిదానమంటే, దిగి పువ్వు కోసుకుని మళ్ళీ ఎక్కొచ్చు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, వంతెన దాటితే చాలు అవి అటూ ఇటూ మారిపోతాయి. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ అంతా కేకలు. మధ్యమధ్య రోడ్డు వచ్చి పట్టాలకు అడ్డం పడుతుంది. మొదటి గేటు దగ్గర మన కారు కనపడలేదు. రెండో గేటు దగ్గర వరసలో అందరికంటే ముందు నిలబడి ఉంది. నేను చెయ్యి ఊపబోయి అలాగే ఉండిపోయాను.

స్టీరింగ్ ముందు అమ్మ.

అవునే, మన అమ్మే! మిక్సీ చప్పుడుకి ఉలిక్కిపడే అమ్మ. కళ్ళజోడు ముక్కు మీదికి జారి, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, గేటు ఎప్పుడు లేస్తుందా అని చూస్తోంది. పక్క సీట్లో నాన్న చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను పెట్టిన కేకకి మీ మరిది టీ అంతా చొక్కా మీద పోసుకున్నారు. ఎదుటి సీటావిడ ఏమైందమ్మా అంటూ నీళ్ళ సీసా అందించింది. మా అమ్మ కారు నడుపుతోందండీ అన్నాను. అయితే ఏంటమ్మా అన్నట్టు చూసింది. ఆ తర్వాత కొండా చూడలేదు, లోయా చూడలేదు.

తీరా పైకి చేరేసరికి నాన్న డ్రైవర్ సీట్లోంచి దిగుతున్నారు! తాళాలు గలగలలాడిస్తూ, ఏంటే మీ రైలు ఇంత ఆలస్యం అని వెక్కిరింపు ఒకటి. స్టేషను ముందు మలుపులో సీట్లు మారారట. అమ్మను వెయిటింగ్ రూములోకి లాక్కుపోయి నిలదీశాను. చేతులు కడుక్కుంటూ, అద్దంలోకి చూస్తూ చెప్పింది. రెండేళ్లుగా నాన్న కంటిచూపు తగ్గుతోందట. ఒక కన్ను పూర్తిగా పోయిందట, రెండోది బాగానే ఉందట. డాక్టరు బండి నడపొద్దన్నాడట. ఎవరికీ చెప్పొద్దని నాన్న ఒట్టు వేయించుకున్నారట. స్కూల్లో రోడ్డు మీదికి అసిస్టెంటును పంపుతున్నది మోకాళ్ళ నొప్పివల్ల కాదన్నమాట.

ఊళ్ళో తెలిసిన దారులు కాబట్టి ఆయనే నడుపుతారట. అమ్మ పక్కన కూర్చుని ముందు లారీ ఉంది, ఆపండి, ఇప్పుడు పోనివ్వండి అంటూ ఉంటుంది కదా, దాన్నే మనం కారు రేడియో అని ఏడిపించేవాళ్ళం. ఆవిడ రేడియో కాదక్కా, ఆయన కన్ను. కొత్త దారుల్లో మాత్రం తనే నడుపుతుందట. ఎవరు నేర్పారమ్మా అంటే, ఇంకెవరు, మీ నాన్నే, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో నేను తిన్నన్ని తిట్లు తిన్నవాళ్ళు లేరు అని నవ్వింది. లైసెన్సు కూడా ఉందట తల్లీ, బియ్యం డబ్బా అడుగున! నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

కానీ అక్కా, నాన్న రోజూ నీ పిల్లల్ని బడికి దింపేది ఆ కారులోనే. అమ్మను అడిగితే, ఒక కన్ను ఉంది, నేనున్నాను, భయం లేదంది. తెలిసినట్టు ఎవరికీ కనపడొద్దని బతిమాలింది. కాబట్టి అరవకు. మేం ఆదివారం ఇల్లు చేరతాం. సోమవారం నుంచి బావకు ఆఫీసు అటువైపే అనో, ఇంకేదైనా వంకో చెప్పి పిల్లల్ని మీరే దింపుకోండి. నాన్న మనసు కష్టపడకుండా ఏదో ఒకటి చూద్దాం.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. గురువారం. నిన్న కొరియర్ దుకాణం మూసేశారు, అందుకే కవరు మళ్ళీ విప్పాను. వంకలేమీ వద్దక్కా, బావకు ఉన్నదున్నట్టు చెప్పు. ఇవాళ పొద్దున్న నాన్నను ఒక్క స్టేషను దూరమైనా చూసొద్దామని రైలెక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టాను. కాసేపటికి నా భుజం తట్టి, లోయ ఎంత లోతుగా ఉందో చూశావా, ఆ అడుగున ఇళ్ళు చూడు అన్నారు. మా వైపు కిటికీకి జానెడు దూరంలో రాతిగోడ. బాగానే ఉందని అమ్మ అనుకుంటున్న ఆ రెండో కన్ను కూడా లేదు. పాపం, ఆ సంగతి అమ్మక్కూడా తెలియదు. అవును నాన్నా, బాగుంది అన్నాను. దిగాక, కారు తాళాలు ఇవ్వండి నాన్నా అన్నాను. ప్లాట్‌ఫారం మీద జనం తోపులాటలో నేను ఇటుపక్కకు జరిగాను. నాన్న జేబులోంచి తాళాలు తీసి, ఎవరూ లేని అటుపక్కకు చెయ్యి చాపి, తీసుకో అమ్మా అన్నారు.