ఘాటు అంటని కారు

మంగళవారం, రాత్రి.

పొద్దున్నే శ్రీను వచ్చి, మిర్చి యార్డుకి స్కూటర్ మీద తీసుకెళ్ళి తీసుకురమ్మన్నాడు. మా ఆవిడ తమ్ముడేగా, కాదనలేను. ఉన్న బైకు అమ్మేసి కారుకి డౌన్ పేమెంట్ కట్టాడు, మిగతాదంతా లోను.

"కొత్త కారుందిగా, అందులో వెళ్ళొచ్చుగా?" అన్నాను.

"యార్డుకి తీసుకెళ్తే ఘాటు సీట్లకి పట్టేస్తుంది బావగారూ. ఓ పట్టాన వదలదు."

"మరి అందులో ఎక్కడికి వెళ్తావురా?"

"పెళ్ళిళ్ళకి. ఇప్పుడు మూఢం కదండీ, ముహూర్తాల్లేవు."

మూఢమని బ్యాంకువాళ్ళు వాయిదా అడగడం మానుకోరు. ధర పెరిగేదాకా కోల్డ్ స్టోరేజీలో ఉంచుదామనుకున్న మిరపకాయని, ఆ వాయిదా కోసమే ఇవాళ వచ్చిన ధరకి అమ్మేశాడు. కారు మాత్రం ఇంటి ముందు, పంట మీద కప్పే పట్టా కప్పుకుని ఉంది. నాకు కోపం రాలేదు, జాలీ వేయలేదు. వింతగా అనిపించిందంతే.

తిరిగొచ్చేటప్పుడు వెనక సీటు మీంచి అడిగాడు: "మీరెప్పుడు కొంటున్నారు బావగారూ?"

"చూద్దాంలే" అన్నాను.

నిన్న షోరూములో అడ్వాన్సు కట్టి వచ్చిన సంగతి ఇంకా మా ఆవిడకే చెప్పలేదు.