గుడ్ల కాలంలో గాలాల పోటీ లేదు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. గంగమ్మకు దీపం పెట్టి వచ్చి రాస్తున్నాను. నీకొక సంతోషం చెప్పాలి.

మన వేప్పనపల్లి చెరువులో బెంగళూరు వాళ్ళు గాలాల పోటీ పెట్టి, గుడ్లతో ఉన్న చేపల్ని కూడా తూకానికి ఎత్తుతుంటే నువ్వెంత బాధపడేవాడివి. నీ వలలో అలాంటిది పడితే దండం పెట్టి వదిలేసేవాడివి.

పోయిన వారం గ్రామసభలో ఆ మాటే చెప్పాను. పోటీ పెట్టే ఆయన నవ్వాడు. "ఆటే కదమ్మా, మళ్ళా నీళ్ళలోనే ఇడుస్తాము."

"తూకంలోనే గుడ్లు కారిపోతాయప్పా. వచ్చే ఏడు మా వలల్లో ఏం పడతాది?" అన్నాను.

వెనక నుంచి వదిన, "మా ఆడబిడ్డకు నోరుండాదని ఈ పొద్దే తెలిసింది" అంది. సభంతా నవ్వింది. తర్వాత నా మాటకు ఒప్పుకుని అందరూ చేతులెత్తారు.

ఇక చేపలు గుడ్లు పెట్టే వానల నెలల్లో పోటీ లేదు. తక్కిన రోజుల్లోనూ వల వేసే ఇళ్ళవాళ్ళు ఒప్పుకుంటేనే.

ఈ సంగతి తెలియక నిన్న గాలాలతో ఒక కారు వచ్చింది. కట్ట మీద అడ్డంగా నిలబడి, "చేపలు పురిటిలో ఉండాయప్పా, పోయి రాండి" అన్నాను.

కారు తిప్పుకుని వెళ్ళిపోయారన్నా.

నీ చెల్లెలు