ముప్పై అయిదు ఖాళీ గుంటలు

నల్లగండ్ల,
ఆదివారం.

చిరంజీవి ఉమాశ్రీకి అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను. మీ నాన్న నిజంగానే క్షేమం. మూసాపేట అమ్మమ్మకు కంటి ఆపరేషన్ బాగా జరిగింది. ఇంట్లో దుమ్మంతా ఇప్పుడే కనిపిస్తోందని మీ అత్తను సాధిస్తోంది. నేనే అలిసిపోయాను. ఫోన్లో చెబితే మధ్యలో అందుకుంటావని కాగితం మీద పెడుతున్నాను.

పీహెచ్‌డీలో చేరగానే మీ గైడు మూడు ప్రాజెక్టులు చేతిలో పెట్టాడనీ, నాలా అయిదారు పనులు ఒకేసారి నడపడం నేర్పమనీ రాశావు. అది విద్య అనుకుంటున్నావా తల్లీ? గతిలేనితనం. ప్రశ్నలోంచి పరిశోధన పుడుతుందని మీకు పాఠం చెబుతారు. మా పరిశోధనా సంస్థలో అది నిధుల ప్రకటనలోంచి పుడుతుంది. ముందు కొన్ని ఫలితాలు చూపిస్తేనే డబ్బిస్తామంటారు. డబ్బు లేకుండా ఫలితాలెక్కడివి? అందుకని పాత ప్రాజెక్టు రసాయనాలతో, పాత ప్రాజెక్టు మనుషులతో కొత్తది చాటుగా మొదలుపెడతాం. పాతదాని చివరి రిపోర్టు రాస్తూ మూడోదానికి అర్జీ పెడతాం. ఏదీ చావదు, ఏదీ పూర్తిగా బతకదు.

నా ఎండ ప్రాజెక్టు అలా మొదలైందే. పోయిన ఏడాది మే నెలలో పుప్పాలగూడ టవర్ల దగ్గర ఎండలో పనిచేసే నలభై అయిదు మంది మూత్రం నమూనాలు తీసుకున్నాం. మామూలు పరీక్షలకు అందకముందే కిడ్నీ దెబ్బను పట్టగలమా అన్నది ప్రశ్న. ఫలితం మీకు చెబుతామని అంగీకార పత్రంలో తెలుగులో నేనే రాశాను. మా ఆఫీసు గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ మొగిలి అందరికన్నా ముందు వేలిముద్ర వేశాడు, తనవాళ్లను కూడా తనే పిలుచుకొచ్చాడు.

పరీక్ష చేసే ప్లేటుకు తొంభై ఆరు చిన్న గుంటలు, గుంటకొక నమూనా. పోలిక కోసం వేసేవి పదహారు పోతే ఎనభై మందికి సరిపోతుంది. కిట్ ఒకసారి విప్పితే మిగిలింది పనికిరాదు. ప్లేటు నిండేదాకా నమూనాలు ఫ్రీజర్‌లో ఉంచడం మా అందరి అలవాటు. ఇంకా ముప్పై అయిదు మంది కావాలి. ఈలోపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల నిద్ర కొలిచే ప్రాజెక్టు వచ్చింది, మనుషులతో, యంత్రాలతో, గడువుతో సహా. వాళ్ల నిద్ర మీద నాకు కోపం లేదు, నిద్రలేని పిల్లలే వాళ్లూ. ఎవరి ఒంటిని కొలవడం అర్జెంటో ముందే తేల్చేసే వాళ్ల మీద నా కోపం. మీటింగులో ఆ మాట గట్టిగానే అన్నాను. అని, నిద్ర ప్రాజెక్టులో సంతకం పెట్టి వచ్చాను.

ఇంతవరకూ నీకు చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను. మొగిలి నన్ను మూడుసార్లు అడిగాడు. "మేడం, నా రిపోర్టు ఏమాయె?" ఇంకా ప్లేటు నిండలేదని మూడుసార్లూ చెప్పాను. అతనికి ఏమర్థమైందో గానీ, "మంచిది మేడం" అని గేటు తీశాడు. జూన్‌లో కనిపించలేదు. వారానికి రెండుసార్లు డయాలసిస్ అట, దవాఖానలో.

పద్నాలుగు నెలలు అతని నమూనా నా గదికి పది అడుగుల దూరంలో ఉంది. అప్పుడే చూసి ఉంటే ఆపగలిగేవాళ్లమా? తెలియదు. ఎండలోంచి నీడకు డ్యూటీ మార్పించమని ఒక కాగితం మాత్రం రాయగలిగేదాన్ని. పైవాళ్లను తిట్టడానికి నాకు ఎప్పుడూ మాటలు దొరికాయి. ప్లేటు నిండాలన్నది మాత్రం పైవాళ్లు చెప్పలేదు.

గురువారం పుప్పాలగూడలో వాళ్ల గదికి వెళ్లాను. మొగిలి పడుకుని ఉన్నాడు. భార్య చంద్రమ్మ బియ్యం కడుగుతోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. చంద్రమ్మే అడిగింది.

"అంటే ఆయనది మీ కాడ్నే ఉండెనా, గిన్ని దినాలు?"

ఉందన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవాలనే వెళ్లాను, నిజం చెప్పాలంటే. తిట్టించుకుంటే బరువు దిగుతుంది కదా.

"మరి ఆయనెంబడి ఇచ్చినోళ్లయి? శ్రీనుది, కిష్టమ్మది? అవన్న జూసిన్రా?"

లేదన్నాను.

"ఇగ ఈడ కూసున్నరేంది మేడం?"

నీళ్లు వంచి, బియ్యం పొయ్యి మీద పెట్టింది, నా వైపు చూడలేదు. లేచి వచ్చాను.

శుక్రవారం నిద్ర ప్రాజెక్టు మీటింగు ఎగ్గొట్టి, నమూనాలు కరిగించి, ముప్పై అయిదు గుంటలు ఖాళీగా వదిలి ప్లేటు నడిపాను. కిట్ వృథా చేశారని సంజాయిషీ అడిగారు, రాసిస్తాను. మొగిలి కాక తొమ్మిది మందికి కిడ్నీలో తేడా ఉంది. కిష్టమ్మ బాగుంది. శ్రీను పేరు ఆ తొమ్మిదిలో ఉంది.

నడపలేకపోతే మూడింటిలో ఏది వదలాలనీ అడిగావు. నాకు తెలియదు ఉమా. దేంట్లో ఎవరికి మాట ఇచ్చావో ముందు రాసిపెట్టుకో, అంతే.

ఆ తొమ్మిది మందిలో ఎనిమిది మంది దొరికారు, దవాఖానకు చీటీలు రాసిచ్చాను. శ్రీను ఫోన్ కలవడం లేదు, ఏ సైటుకు మారాడో ఎవరికీ తెలియదు. రేపు పొద్దున ఏడింటికి కూలీల అడ్డా మీద వెతకాలి. నేను చూసింది అతని నమూనా మీది నంబరునే, ముఖం గుర్తు లేదు. చంద్రమ్మకు గుర్తుంది. వస్తానంది.

ఇట్లు,
మీ అమ్మ,
రేణుక.